నెత్తి మీది తల్లి

ఆపరేషన్ థియేటర్‌లో కొత్తగా చేరిన పిల్ల రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోతే, మేము పాతకాపులం ఆమెకు చక్కెర నీళ్లు తాగించి, అటు తిరిగి నవ్వుకునేవాళ్లం. ఒకప్పుడు మేమూ అలా పడ్డవాళ్లమే. కానీ ఉద్యోగంలో జుట్టు నెరిసేసరికి మనిషికి ఒక పొగరు వస్తుంది, ఇక నన్ను ఏదీ కదిలించలేదని. నాకూ వచ్చింది. లారీ కింద పడ్డవాళ్లను చూశాను, నిలువునా కాలిన ఒళ్లు చూశాను, పత్తి మిషన్‌లో ఇరుక్కున్న చేతులు చూశాను. ఇంకేముంది చూడటానికి అనుకున్నాను.

అలా అనుకున్నదాన్ని, రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల నెత్తి నోరెళ్లబెట్టేలా చేసింది. నర్సింగ్ చదివే పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసేది?" అని. కవలల గురించో గుండె ఆపరేషన్ గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఈ నెత్తి సంగతే చెబుతాను. సగం మంది నమ్మరు. నమ్మకపోతే పోనీ, జరిగినంతసేపూ అక్కడే నిలబడ్డ నేనే ఇంకా సగం నమ్ముతున్నాను.

నేను పనిచేసింది కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి. థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని. మాది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. మా నాయనమ్మ ఊరూరా నడిచి వాక్యం చెప్పిన మనిషి. ఆదివారం ఆరాధన మానడం మా ఇంట్లో అన్నం మానడం కన్నా పెద్ద తప్పు. ప్లాస్టిక్ సర్జన్ నాకన్నా చాలా చిన్నవాడు, హైదరాబాద్‌లో చదివి వచ్చాడు. చెయ్యి బంగారం, ఓపిక మాత్రం అరువు తెచ్చుకోవాల్సిందే. మా కథలో ఇంకో మనిషి మా ఆయమ్మ. ఏళ్ల తరబడి కాన్పుల వార్డులో పనిచేసి, అప్పుడే మా థియేటర్‌కు మారింది. పనిలో దెయ్యం. ఒక్క పని రెండుసార్లు చెప్పించుకునేది కాదు.

ఆ పిల్లకు ముప్పై లోపే ఉంటుంది. ఆదిలాబాద్‌లో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో పని. నెత్తికి గట్టిగా రుమాలు కట్టుకుని, వాళ్ల అమ్మతో కలిసి వచ్చింది. కరీంనగర్‌లోనే ఉండే చిన్నమ్మ వాళ్లను తీసుకొచ్చింది. డాక్టరు రుమాలు తియ్యమన్నాడు. ఆ తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని ఆపింది.

"సారూ, జర చెప్పులిడిచి చూడుండ్రి."

డాక్టరు నా మొహం చూశాడు. నేను డాక్టరు మొహం చూశాను. "ఎందుకవ్వా?" అన్నాడు.

"తల్లి ఉన్నది సారు ఆడ. పోచమ్మ తల్లి."

ఎందుకైనా మంచిదని నేను చెప్పులు విడిచాను. డాక్టరు బూట్లు విప్పలేదు గానీ, అడుగు వెనక్కి వేశాడు. రుమాలు తీశాక కనిపించింది పసుపు మాత్రమే. జుట్టు కుదుళ్లలో, చెవుల వెనక, మెడ మీద అంతా పసుపు అట్టలు కట్టి ఉంది. గుడిలో చల్లే పసుపు, మా వైపు బండారి అంటారు. దాని కింద చర్మం ఎత్తుపల్లాలుగా ఉందని మాత్రం తెలుస్తోంది. గది నిండా ఒక పులిసిన వాసన.

సంగతి ఏమిటంటే, పుట్టినప్పుడు నడినెత్తిన రూపాయి బిళ్లంత మచ్చ ఉండేదట. పిల్లతో పాటు అదీ పెరిగింది. ఈడొచ్చేసరికి తల చర్మం మడతలు పడటం మొదలైంది. ఊళ్లో ఎవరో చూసి, అవి మడతలు కావు, తల్లి కూర్చున్న గద్దె అన్నారు. అంతే, ఇక ప్రతి మంగళవారం జనం వస్తారు. ఆమెను గుడి ముందు కూర్చోబెట్టి నెత్తి మీద బండారి పెట్టి మొక్కుతారు. పిల్లకు జ్వరమొచ్చినా, గల్ఫ్‌కు పోయిన కొడుకు ఫోను ఎత్తకపోయినా, బర్రె పాలివ్వకపోయినా ఆ నెత్తికే మొర.

"మరి నీ మీదికి శిగం వస్తదా బిడ్డా?" అని అడిగాను. దేవత మనిషి మీదికి వచ్చి ఊగించి మాట్లాడించడాన్ని మా దిక్కు శిగం అంటారు.

"ఒక్కసారి గూడ రాలే సిస్టరమ్మా," అంది ఆ పిల్ల. "ఎల్లకాలం చూస్తనే ఉన్నరు, ఇయ్యాల పలుకుతదా, రేపు పలుకుతదా అని. నేను బొమ్మ లెక్క కూసుంటె సాలు, వాళ్లే మొక్కుతరు." తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "సారూ, నాకు ఇది తీసెయ్యుండ్రి. మిల్లుల నా పక్కపొంటి ఎవ్వరు కూసుంటలేరు, వాసనొస్తదంటరు. ఊర్లె కాళ్లు మొక్కుడు, మిల్లుల ముక్కు మూసుకునుడు. నా పరేషాన్ ఎవలకు చెప్పాలె? ఈ నడుమ దిండుకు రక్తం గూడ అంటుతున్నది."

వాళ్లమ్మ కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది. వద్దని మాత్రం అనలేదు. "తీసిందాన్ని ఏం జేస్తరు సారు?" అని ఒక్క మాట అడిగింది.

"ల్యాబ్‌కు పంపిస్తం."

"అటెన్క?"

"అటెన్క ఏముంటదవ్వా, పారేస్తరు."

ఆమె కొంగు సర్దుకుని లేచింది. ఒప్పుకుంది కదా అనుకున్నాం.

పసుపు మీదుగానే తడిమి చూసిన మా డాక్టరుకు కాలు నిలవలేదు. ఇది పుట్టుమచ్చే, కానీ మెదడు మీద ఉండే ముడతల్లా తల చర్మాన్ని మడతలు పెట్టేసింది, ఇలాంటిది సర్జన్‌కు జన్మలో ఒకటి కనిపిస్తే గొప్ప అని అందరికీ చెప్పాడు. ఇక చూడండి, ఊళ్లో ఉన్న డాక్టర్లంతా వరసకట్టారు. ఫోన్లు తీసి ఫొటోలు. ఆ పిల్ల ఓపిగ్గా తల వంచి కూర్చుంది, కూర్చుంది, చివరికి అనేసింది.

"మా ఊరోళ్లు నయం సారు. మంగళారమే వస్తరు. మీరు రోజు వస్తున్నరు."

ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఆపరేషన్ ముందు రోజు పొద్దున గుండు చెయ్యాలి. మా ఆస్పత్రికి వచ్చే మంగలి కత్తి పట్టుకుని వచ్చాడు, రుమాలు తియ్యగానే కత్తి మడిచాడు. "సిస్టరమ్మా, నన్ను తిట్టినా సరే. తల్లికి కత్తి వెట్టుడు నాతోని గాదు," అని వెళ్లిపోయాడు. నేనూ ఆయమ్మా కత్తెరలతో కూర్చున్నాం. గోరువెచ్చటి సెలైన్ పోసి పోసి బండారి నానబెట్టాం. అది పెళ్లలు పెళ్లలుగా ఊడి రావడం మొదలైంది. పసుపు తర్వాత దూది వచ్చింది. మిల్లులో గాల్లో తేలే దూది, చెమటకు అంటుకుని మడతల్లోకి దిగి గట్టిపడి ఉంది. దూది తర్వాత ఎండిన వేపాకు. లాగుతున్న కొద్దీ ఏదో ఒకటి వస్తూనే ఉంది.

అప్పుడు మడతలు కనిపించాయి. నుదుటి పై నుంచి మెడ వెనక దాకా, వేలు దూరేంత లోతు. తడి దుప్పటి పిండి ఆరెయ్యకుండా అలాగే వదిలేస్తే ఎలా ఉంటుంది, అలా ఉంది తల. ఎన్నో తలలు గొరిగినదాన్ని, నా చెయ్యి కాసేపు గాల్లోనే ఆగిపోయింది. ఈ తలను మోసుకుని ఈ పిల్ల ఇన్నేళ్లు పనికి పోయిందా, నవ్విందా, అన్నం తిన్నదా అనిపించింది.

నడినెత్తిన అన్నిటికన్నా లోతైన మడతలో నా చేతిలోని చిమటాకు, అంటే సన్న పట్టకారుకు, ఏదో గట్టిగా తగిలింది. పట్టి లాగాను. వచ్చింది. తుడిచి చూస్తే అది కన్ను.

వెండి కన్ను. నల్లటి గుడ్డుతో సహా. అమ్మవారి రాళ్లకు అతికిస్తారే, అది. నా అరచేతిలోంచి నన్నే చూస్తోంది. నేను కేక పెట్టలేదు గానీ చిమటా కింద పడేశాను. ఆయమ్మ గోడకు ఆనుకుని దండం పెట్టేసింది.

"కన్ను దొరికిందా?" అంది ఆ పిల్ల తల ఎత్తకుండానే. "నా చిన్నప్పుడు ఎవలో మొక్కు తీర్చుకునేటందుకు రెండు కండ్లు అతికిచ్చిండ్రు. ఒకటి రాలిపోయింది. రెండోది ఎటు పోయిందో అనుకున్నం."

ఇన్నేళ్లు ఆ పిల్ల తల మడతల్లో ఒక కన్ను ఉందన్నమాట. నేను దాన్ని స్పిరిట్‌తో కడిగి, గాజుగుడ్డలో చుట్టి, వాళ్లమ్మకు ఇద్దామని నా చేతిసంచిలో వేశాను. కానీ అసలు భయం కన్ను కాదు. కన్ను ఉన్న చోట కింద, మడత అడుగున, నల్లగా పుండు పడి ఉంది. అంచులు మొరటుగా ఉన్నాయి. పత్తితో ముట్టుకుంటే చాలు, రక్తం.

డాక్టరును పిలిచాను. ఆయన వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు. ఫోను తియ్యలేదు. నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

"మచ్చ వరకు ఐతే ఫికర్ లేదు సిస్టర్. గా నల్లది మంచిగ అనిపిస్తలేదు. క్యాన్సర్ అయ్యుంటే, అంచుల దాక పాకిందా లేదా తెలవాలె. పాకితే మల్ల కొయ్యాలె, ఆలస్యమైతే చేతులకెల్లి పోతది. మొత్తం ఒక్కటే ముక్కగ తీసి పంపుదం. ల్యాబోళ్లు ఆ ముక్క చూసి చెప్తేనే మనకు దారి."

లోపలికి వెళ్లేసరికి ఆ పిల్ల నా మొహం చదివేసింది. "బతుకుతనా సిస్టరమ్మా?" అంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తీసింది చూస్తె తెలుస్తది బిడ్డా. అంతా ఆ ముక్కలనే ఉన్నది," అన్నాను. ఆమె తల ఊపింది. ఆ మాట ఆమె గుర్తుపెట్టుకుంటుందని నేను అనుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. తల చర్మం కోస్తే రక్తం పొంగినట్టు వస్తుంది, ఆ సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కానీ కపాలం ఎముక మీద పలచటి పొర ఒకటి ఉంటుంది, అది చిరగకుండా మిగిలితేనే మీద వేసిన కొత్త చర్మం బతుకుతుంది. మా డాక్టరు ఆ పొరను పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు కాపాడాడు. తొడ నుంచి చర్మం తీసి నెత్తిన పరిచాం. మీద దూది దిండు పెట్టి కుట్లతో కట్టేశాం. ఇక ఒకే ఒక్క నియమం. కట్టు విప్పే దాకా తల కదలకూడదు. కదిలితే కొత్త చర్మం జారుతుంది, జారితే చస్తుంది. తీసిన ముక్కను ఫార్మలిన్ నీళ్లున్న తెల్ల డబ్బాలో వేసి, చీటీ అంటించి, కడిగే గదిలో అర మీద పెట్టాం. ముక్క కుళ్లకుండా ఉంచే నీళ్లవి, వాసన చూస్తే ముక్కు మండిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఫోను. "సిస్టర్, ఆ నెత్తి ముక్క ఇంకా రాలేదేంది?"

వెళ్లి చూశాను. అర ఖాళీ. థియేటరంతా తలకిందులు చేశాం. నా గొంతు విని అందరూ పరుగెత్తుకొచ్చారు, ఆయమ్మ కూడా. అసలు సంగతి ఆమెకు అర్థం కాలేదు పాపం.

"ఆ డబ్బనా? ఆ పిల్ల అవ్వకు ఇచ్చిన గద సిస్టరమ్మా. పొద్దుగాల బస్సుకే ఊరికి పోయింది."

"ఇచ్చినవా? ఎవలను అడిగి ఇచ్చినవే?"

"మా బిడ్డకెల్లి తీసింది మాకియ్యుండ్రి అన్నది. ఇచ్చిన. కాన్పుల వార్డుల మాయ ఇయ్యమా? ఎవలిది వాళ్లు తీస్కపోయి పాతిపెట్టుకుంటరు. కాలు తీసేసిన్నాడు కాలు ఇయ్యలేదా? ఎవలి ఒంట్లెది వాళ్లకు ఇచ్చుడు తప్పా?"

ఆమె చెప్పింది నిజం. కాన్పు కాగానే మాయను కుండలో పెట్టి ఇవ్వడం, కోసిన కాలిని బట్టలో చుట్టి ఇవ్వడం మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. ఆమె తన పని తాను చేసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని డాక్టరు గదికి పరుగెత్తాను.

ఆ పిల్ల తల్లికి ఫోను చేశాం. ఆమె గొంతు ఎంతో తేలిగ్గా, సంతోషంగా ఉంది. "మంచిగనే తెచ్చినం సారు. తల్లిని గద్దె మీద కూసుండవెట్టినం. ఇగ ఊరంత సల్లగుంటది. నా బిడ్డను జర మంచిగ చూసుకోండ్రి."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. గాలికి ఎండిపోయినా, మట్టిలో పాతేసినా ఆ ముక్క ఇక దేనికీ పనికిరాదు. ఆ పిల్ల నెత్తిన ఇంకా విషం మిగిలిందా లేదా ఈ జన్మకు తెలియదు.

మర్నాడు ఆదివారం. డాక్టరు కారు తీశాడు. పక్కన నేను, వెనక సీట్లో ఆయమ్మ. ఆరాధన మానేసి పోచమ్మ గుడికి బయలుదేరిన మొదటి మెథడిస్టును నేనే అయ్యుంటాను. ధర్మపురి, గోదావరి వంతెన, జన్నారం అడవి, ఉట్నూరు, ఇంద్రవెల్లి, దారి పొడుగునా డాక్టరు ఎక్కడా కారు ఆపలేదు. ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు. చెబితే ఉలిక్కిపడి తల కదిలిస్తుందేమోనని భయం.

ఆదిలాబాద్ దాటాక పత్తి చేల మధ్య ఊరు. ఊరి చివర వేపచెట్టు కింద నడుం ఎత్తు గుడి. గుడిలో రాయి. రాయి ముందు గద్దె మీద మా డబ్బా.

మా చీటీ కుంకుమలో మునిగిపోయింది. డబ్బా చుట్టూ బండారి, మెడలో వేపమండలు. డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని మూత వైపు చూశాడు. "అవ్వా, మూత తీసిండ్రా? నిజం చెప్పు," అన్నాడు.

"ఒక్కసారి తీసిన సారు. కండ్లు, ముక్కు భగ్గున మండినయి. తల్లికి కోపమొచ్చిందని అప్పుడే మూతవెట్టిన."

డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ముక్క బాగానే ఉంది. ఫార్మలిన్ కాపాడింది. దాన్ని కనిపెట్టినవాడికి ఆ క్షణంలో నేనే ఒక గుడి కట్టేదాన్ని. కానీ డాక్టరు డబ్బా మీద చెయ్యి వెయ్యబోయేసరికి జనం కదిలారు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఊరికే దగ్గరికి జరిగారు. అది ఇంకా భయం.

డాక్టరు వాళ్లకు క్యాన్సర్ గురించి చెప్పాడు. అంచుల గురించి చెప్పాడు. గోడకు చెప్పినట్టే అయింది. చివరికి ఆ పిల్ల తల్లి ముందుకొచ్చింది. ఆమె ఏడవడం లేదు.

"నా బిడ్డ పానం కోసమే గద సారు నేను తెచ్చింది. మీరే అన్నరు గద, పారేస్తమని. ఇన్నేండ్లు నా బిడ్డ నెత్తి మీదున్న తల్లిని కోసి కచర్ల పారేస్తె, ఊకుంటదా? నా బిడ్డను తీస్కపోదా?"

మేము వంద మైళ్లకు పైగా పరుగెత్తుకొచ్చింది ఏ భయంతోనో, ఈమె డబ్బా ఎత్తుకుని పరుగెత్తింది కూడా అదే భయంతో.

గుడిలో పూజ చేసే పెద్దాయన అప్పటి దాకా పక్కన నిలబడి వింటున్నాడు. మాటలో మరాఠీ యాస. "చూడు తాయీ," అన్నాడు నాతో, "కూసున్న తల్లిని లేపుడు నాతోని గాదు, మీతోని గాదు. ఆమెనే లేస్త అనాలె. అంటె మాత్రం, నేనే నెత్తిన వెట్టుకొని మీ కారు దాక తెస్త."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి సిద్ధంగానే ఉన్నాడు, దేవతే నోరు విప్పాలి. డబ్బాలో ఉన్న దేవత నోరెలా విప్పుతుంది? డాక్టరు పోలీసులంటూ ఏదో గొణిగాడు. నేను ఆయన్ను పక్కకు లాగి, నా ఫోను తీశాను. ఇక దాచి లాభం లేదు. ఆ నెత్తి ఎవరిదో ఆమెకే చెప్పాలి.

వీడియో కాల్‌లో ముందు చిన్నమ్మ కనిపించింది, తర్వాత మంచం మీద ఆ పిల్ల. గదిలో వాళ్లిద్దరే. తెల్లటి కట్టు, వాచిన కళ్లు, రెండు పక్కలా ఇసుక సంచులు. జరిగిందంతా చెప్పాను. మూత తీస్తే వాళ్లమ్మ కళ్లు మండిన సంగతీ, పెద్దాయన అన్న మాటా కూడా చెప్పాను. ఆమె రెప్ప వెయ్యకుండా వింది.

"అంతా ఆ ముక్కలనే ఉన్నదంటిరి గద," అంది.

"అవును బిడ్డా."

ఆమె కళ్లు చిన్నమ్మ వైపు తిప్పింది. తర్వాత, "సిస్టరమ్మా, ఫోను తల్లి దిక్కు తిప్పుండ్రి. గట్టిగ వినవడేటట్టు వెట్టుండ్రి. చిన్నమ్మా, నువ్వు నీ ఫోను రెండు చేతుల్తోని పట్టు. కదలకు," అంది.

నేను ఫోనును గద్దె వైపు తిప్పి, పక్క నుంచి తొంగి చూస్తూ నిలబడ్డాను. మొదట ఊపిరి చప్పుడు. బుసలాంటి ఊపిరి. తర్వాత ఒక గొంతు వచ్చింది. అది ఆ పిల్ల గొంతు కాదు.

"ఎవల్రా నన్ను డబ్బల కూసుండవెట్టింది?"

జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. ఫోనులో ఆమె చేతులు గాల్లోకి లేచాయి. భుజాలు అదురుతున్నాయి, మంచం కిర్రుకిర్రుమంటోంది. శిగం. శిగమంటే తల ఊగడమే కదా, జుట్టు విరబోసుకుని తల గిరగిరా తిప్పడమే కదా. "తల... సిస్టర్, తల," అని డాక్టరు నా చెవిలో ఏడుపు గొంతుతో అంటున్నాడు.

తల కదల్లేదు. ఒళ్లంతా ఈడ్చిపడేసినట్టు ఊగుతోంది, తల మాత్రం దిండు మీద మేకు కొట్టినట్టు ఉంది. కళ్లు సూటిగా మా వైపే. అలాంటి శిగాన్ని ఆ ఊరు ఎన్నడూ చూసి ఉండదు. నేనైతే మళ్లీ చూడను, చూడాలని కూడా లేదు.

"కండ్లు మండుతున్నయి నాకు! మూతవెట్టి బండారి పూస్తరా? నా పని ఇంక కాలే! నా బిడ్డ పానం నా సేతుల ఉన్నది. నా బిడ్డను ఇడిసి నేనొక్కదాన్నే ఈడ కూసుంటనా? లేపుండ్రి! కరీంనగర్ తోల్కపోండ్రి నన్ను!"

వాళ్లమ్మ నేల మీద సాగిలపడింది. ఆమె వెనక ఊరంతా. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన తల్లి పలికింది. మా ఆయమ్మ ఎప్పుడో కింద పడి దండం పెడుతోంది. డాక్టరును చూస్తే, హైదరాబాద్ చదువంతా పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. తర్వాత అడిగితే ఒప్పుకోలేదు.

పెద్దాయన గద్దె ముందు సాక నీళ్లు వారబోసి, డబ్బాను తన రుమాలులో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. రెండు అడుగులేసి ఆగాడు. "గద్దె ఉత్తగ ఉండొద్దు," అన్నాడు. మళ్లీ అందరూ నిలబడిపోయారు. నాకు చేతిసంచి గుర్తొచ్చింది. గాజుగుడ్డ విప్పి వెండి కన్నును ఆ పిల్ల తల్లి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసి బోరుమంది. బిడ్డ నెత్తి మీద ఉన్నదే కదా. పెద్దాయన కుంకుమ తడిపి దాన్ని రాయికి అతికించాడు. మా నాయనమ్మ పైనుంచి చూస్తూ ఉంటే ఏమనుకుందో, ఆమె నన్ను అడిగినప్పుడు చెప్పుకుంటాను.

తిరుగుదారంతా డబ్బా ఆయమ్మ ఒళ్లోనే ఉంది. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. వంతెన దాటుతుంటే కళ్లు మూసుకుని మొక్కింది. గోదారికా, డబ్బాకా అని నేను అడగలేదు.

ల్యాబ్ జవాబు వచ్చింది. మచ్చంతా ఉత్త మచ్చే. నల్లపుండు మాత్రం క్యాన్సరే. అన్ని వైపులా అంచు శుభ్రంగా ఉంది, చెవి వైపు ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోట ఇంకో పట్టీ కోసి తీశారు. హైదరాబాద్‌లో మిగతా పరీక్షలన్నీ చేయించారు. ఎక్కడా పాకలేదు. ఆ డబ్బా రాకపోయి ఉంటే ఆ ఒక్క చోటు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మొదటి కట్టు విప్పిన రోజు, వేసిన చర్మం అంగుళం కూడా జారకుండా గులాబీ రంగులో అతుక్కుని ఉంది. డాక్టరు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత మా దగ్గర డబ్బాలన్నీ తాళం వేసిన బీరువాలోకి వెళ్లాయి. ఎవరు అడిగినా "తర్వాత పారేస్తం" అనే మాట మా డాక్టరు నోట మళ్లీ రాలేదు.

కొన్ని నెలలకు ఆమె చూపించుకోవడానికి వచ్చింది. ఎర్రటి స్కార్ఫ్ కట్టుకుంది. మిల్లులో పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు ఉన్నారట. ఊళ్లో మంగళవారాలు జనం రాయి దగ్గరికే పోతున్నారట, ఒంటికన్ను తల్లి అని పేరు పెట్టారట. ఆ మాట చెప్పి తానే నవ్వింది. నేను టీ తెప్పించాను. ఇన్నాళ్లుగా కడుపులో పెట్టుకున్నది అడిగేశాను.

"నిజం చెప్పు బిడ్డా. ఆనాడు నువ్వు నాటకమే ఆడినవు గద?"

"మొదట్ల నేనే మొదలువెట్టిన," అంది దాచకుండా. "ఎట్ల ఊగుతరో చిన్నప్పటిసంది చూస్తనే ఉన్న గద. నడుమ ఏం మాట్లాడిన్నో మాత్రం యాదికి లేదు. గిన్నేండ్లు నెత్తి మీద కూసుండవెట్టుకుంటె ఒక్కనాడు పలుకలే సిస్టరమ్మా. దిగినంకనే పలికింది."

"అది గాదు," అన్నాను. నేను తేలిగ్గా వదిలే మనిషిని కాను. "అంత ఊగినా నీ తల ఇంత గూడ కదల్లే. శిగమొచ్చినోళ్లకు కట్టు జారుతదని తెలివి ఉంటదా? నాటకమే అది."

ఆమె గ్లాసు కింద పెట్టింది. నవ్వు పోయింది.

"తల ఊపనే వొయిన సిస్టరమ్మా. కట్టు సంగతి నాకు యాదికే లేకుండె. ఎవరో యెనకకెల్లి రెండు చేతుల్తోని నెత్తిని గట్టిగ పట్టుకున్నరు. చిన్నమ్మనే అనుకున్న."

టీ చల్లారిపోయింది. ఆనాడు మాకు చూపిస్తూ ఫోను పట్టుకున్నది చిన్నమ్మే, రెండు చేతులతో.